స్నేహితులతో మంచుకొండల్లో స్కీయింగ్: ప్లాన్ దగ్గర్నుంచి చివరి రోజు దాకా

స్నేహితులంతా కలిసి స్కీయింగ్‌కి వెళ్లినప్పుడు మంచు సరిగా లేకపోవడం వల్లో, గది బాగాలేకపోవడం వల్లో ట్రిప్ పాడవడం తక్కువ. ఎక్కువసార్లు పాడుచేసేది వేరే ఉంది. అందరి స్థాయి ఒకటి కాదు, ఆ సంగతి ఎవరూ ముందుగా పైకి అనరు. ఒకరికి చిన్నప్పట్నుంచి అలవాటు, ఇద్దరు ఎప్పుడో ఒక వారం నేర్చుకుని వదిలేశారు, మిగిలినవాళ్లు మంచు మీద కాలు పెట్టడమే మొదటిసారి. "మీరెలా అంటే అలా" అని అందరూ తలూపుతారు. తీరా కొండ మీదకు చేరాక బాగా వచ్చినవాళ్లకు ఆగి ఆగి విసుగు, రానివాళ్లకు లోపల భయం, పైకి మొహమాటం. ఆ మొహమాటంలోనే తమకు మించిన వాలు మీదకు వెళ్లి మోకాలు దెబ్బ తగిలించుకుంటారు.

అందుకే కింద చెప్పేదంతా ఒకే లెక్క మీద నడుస్తుంది. అందరికంటే కొత్తవాళ్లు ఎవరో చూసి వాళ్ల చుట్టూ ప్లాన్ వేయండి. బాగా వచ్చినవాళ్లకు విడిగా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని సమయం ఇవ్వండి.

అడుగు 1: బుక్ చేసే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి

గ్రూప్ చాట్‌లో అడిగితే నిజం బయటకు రాదు. ఫోన్ చేయండి. "స్కీయింగ్ వచ్చా?" అని అడగడం వల్ల ఉపయోగం లేదు, ఎప్పుడో రెండు రోజులు చేసినవాళ్లు కూడా వచ్చనే అంటారు. ఇలా అడగండి: తేలికపాటి వాలు మీద కావాలనుకున్న చోట ఆగగలవా? రెండు వైపులకూ తిరగగలవా? చెయిర్‌లిఫ్ట్ (తీగకు వేలాడుతూ కొండపైకి తీసుకెళ్లే కుర్చీలు) ఎక్కి దిగడం అలవాటేనా? మూడింటికీ అవునంటే బిగినర్ దశ దాటినట్టే. ఒక్కదానికి తడబడినా మొదటి రోజు పొద్దున క్లాసులో చేరాల్సిందే.

అదే ఫోన్‌లో ఇంకొన్ని తేల్చుకోండి. ఎంత ఖర్చు పెట్టగలరు, రోజుకు ఎన్ని గంటలు మంచు మీద ఉండాలనుకుంటున్నారు, మోకాలికో నడుముకో భుజానికో పాత దెబ్బలున్నాయా, అసలు స్కీయింగ్ ఇష్టమేనా లేక మంచు చూడ్డానికి వస్తున్నారా. చివరి కోవకు చెందినవాళ్లు తప్పకుండా ఒకరిద్దరుంటారు. వాళ్లకు వారం మొత్తం లిఫ్ట్ పాస్ కొనిపించకండి. స్లెడ్జింగ్, ఐస్ స్కేటింగ్, స్నోషూలు వేసుకుని అడవి దారుల్లో నడక, చదునైన దారుల్లో సాగే క్రాస్‌కంట్రీ స్కీయింగ్ దొరికే చోటు చూస్తే వాళ్ల సెలవు కూడా సెలవులాగే గడుస్తుంది.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా ముందే రాసుకోండి. అడ్వాన్స్ ఎవరు ఎప్పటికి కట్టాలి, మధ్యలో ఒకరు మానుకుంటే వాళ్ల గది వాటా ఎవరు భరించాలి, ఉమ్మడి ఖర్చులో ఏవి వస్తాయి, ఏవి రావు. క్లాసులు, అద్దె సామాను, లిఫ్ట్ పాసులు ఎవరివి వాళ్లవి. బస, ప్రయాణం ఉమ్మడి. నా లెక్కలో ఇదే సరైన పద్ధతి. బాగా వచ్చినవాళ్లు కొనే పెద్ద పాసు ఖర్చు కొత్తవాళ్ల మీద పడకూడదు.

అడుగు 2: స్కీనా, స్నోబోర్డా?

స్కీల మీద మొదటి రోజే ఎంతో కొంత కదలగలరు. తర్వాత మెరుగవడానికి సమయం పడుతుంది. స్నోబోర్డు దీనికి తలకిందులు. మొదటి రెండు మూడు రోజులు పిరుదుల మీదా మోకాళ్ల మీదా పడుతూనే ఉంటారు, ఒకసారి పట్టు దొరికితే వేగంగా సాగుతుంది. కాబట్టి మూడు నాలుగు రోజుల ట్రిప్ అయితే కొత్తవాళ్లకు స్కీలే మేలు. స్నోబోర్డు ఎంచుకున్నవాళ్లు మణికట్టు రక్షణ పట్టీలు తప్పక వేసుకోవాలి, ఆ ఆటలో ముందు దెబ్బ తినేది మణికట్టే. స్కీయింగ్‌లో ఆ వంతు మోకాలిది.

అడుగు 3: చోటు ఎంచుకోవడం

పేరున్న రిసార్ట్ కంటే మీ బృందానికి నప్పే రిసార్ట్ ముఖ్యం. వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసి మురిసిపోకుండా లిఫ్టులు, రన్‌ల (స్కీల మీద దిగేందుకు గుర్తులు పెట్టిన వాలుదారుల) మ్యాప్ తెరిచి కూర్చోండి. యూరప్‌లో నీలం రంగు తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. ఫ్రాన్స్ లాంటి చోట్ల నీలం కంటే తేలికైన ఆకుపచ్చ కూడా ఉంటుంది. ఉత్తర అమెరికాలో తేలిక నుంచి కష్టం వరసలో ఆకుపచ్చ వలయం, నీలం చతురస్రం, నలుపు వజ్రం గుర్తులు. అక్కడ ఈ గుర్తులు ఆ రిసార్ట్‌లోని మిగతా వాలులతో పోల్చి పెడతారు కాబట్టి ఒకచోటి నీలం ఇంకోచోటి నలుపంత భయపెట్టొచ్చు.

మ్యాప్‌లో నేను ముందు వెతికేది కొండ పైనుంచి కిందిదాకా ఆగకుండా వచ్చే తేలిక రన్ ఒకటైనా ఉందా అని. అది ఉంటే అందరూ ఒకే లిఫ్టులో పైకి వెళ్లి, ఎవరికి తగ్గ దారిలో వాళ్లు దిగి, మళ్లీ కిందే కలుసుకోవచ్చు. స్నేహితుల ట్రిప్‌కి ఇంతకంటే గొప్ప సదుపాయం లేదు. ఆ తర్వాత చూడాల్సినవి: బిగినర్లకు పైకి మోసుకెళ్లే కదిలే కార్పెట్ ఉన్న విడి మైదానం ఉందా, భయపడినవాళ్లు పైకి వచ్చిన గొండోలాలోనే (తీగ మీద నడిచే మూసిన పెట్టె) కిందికి దిగిపోవచ్చా, బస నుంచి లిఫ్ట్ దాకా స్కీ బూట్లతో ఎంత దూరం నడవాలి. ఆ బూట్లతో పావుగంట నడక కూడా కొత్తవాళ్ల ఓపిక సగం హరిస్తుంది.

ఎత్తు కూడా పట్టించుకోండి. ఫ్రాన్స్‌లోని వాల్ తోరెన్స్ ఊరే 2,300 మీటర్ల ఎత్తులో ఉంది. అమెరికాలోని బ్రెకెన్‌రిడ్జ్ పట్టణం దాదాపు 2,900 మీటర్లు. గుల్మార్గ్ గొండోలా పై అంచు 4,000 మీటర్లకు దగ్గరగా వెళ్తుంది. ఎత్తున ఉంటే మంచు నిలుస్తుంది, కానీ 2,500 మీటర్లు దాటిన చోట నిద్రపోతే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలుకావచ్చు. తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లి పడుకోకూడదు. ముదిరితే, ముఖ్యంగా నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా, వెంటనే కిందికి దించాలి.

ఎప్పుడు వెళ్లాలి? ఉత్తరార్ధగోళంలో సీజన్ సుమారుగా డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా, దక్షిణార్ధగోళంలో జూన్ నుంచి సెప్టెంబర్ చివరి దాకా. డిసెంబర్ మొదట్లో మంచు పలచన. జనవరిలో మంచు బాగుంటుంది, చలి కోసేస్తుంది. ఫిబ్రవరిలో చాలా దేశాల్లో బడి సెలవులు, లిఫ్టుల దగ్గర బారులు. కొత్తవాళ్లున్న బృందానికి మార్చి మొదటి సగం నా ఎంపిక. పగలు పొడుగు, ఎండ హాయి, చేతులు కొంకర్లు పోవు.

అడుగు 4: బీమా

మామూలు ప్రయాణ బీమాలో మంచు క్రీడలు చాలాసార్లు ఉండవు, విడిగా చేర్చుకోవాలి. పాలసీలో ఐదు విషయాలు వెతకండి: కొండ మీద నుంచి దించే ఖర్చు, హెలికాప్టర్‌తో సహా, ఆసుపత్రి, స్వదేశానికి తరలింపు, మీ వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే కట్టే పరిహారం, గుర్తులు పెట్టిన రన్‌ల బయట జరిగిన ప్రమాదానికి వర్తిస్తుందా లేదా. ఇటలీలో 2022 నుంచి ఇతరులకు పరిహారమిచ్చే బీమా లేకుండా స్కీయింగ్ చేయనివ్వరు. అద్దె సామాను పోయినా విరిగినా ఎవరు కట్టాలో కూడా చూసుకోండి.

అడుగు 5: ఒళ్లు సిద్ధం చేసుకోవడం

ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టండి. గుంజీలు, గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం, ఒంటికాలి మీద నిలకడ, మెట్లు ఎక్కి దిగడం. దిగడం ముఖ్యం, ఎందుకంటే స్కీయింగ్‌లో తొడలకు పడే శ్రమ ఆ రకమైనదే. రెండో రోజు సాయంత్రానికి కాళ్లు చెప్పిన మాట వినకపోతే దెబ్బలు తగిలేది అప్పుడే.

అడుగు 6: బట్టలు, సామాను, అన్నిటికంటే ముందు బూట్లు

బట్టలు మూడు పొరలు. చెమటను పీల్చి బయటకు పంపే లోపలి పొర, వేడి పట్టి ఉంచే మధ్య పొర, గాలీ తడీ లోపలికి రానివ్వని పై పొర. కాటన్ వద్దు, తడిస్తే ఆరదు, ఒంటికి అతుక్కుని చలిని పెంచుతుంది. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందని గుర్తుంచుకుని, కింద ఎండగా ఉందని పై పొర వదిలేసి వెళ్లకండి. తాజా మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. అందుకే గడ్డం కింద, ముక్కు రంధ్రాల దగ్గర కూడా సన్‌స్క్రీన్ రాయాలి. గాగుల్స్ లేకుండా ఒక్క పూట గడిపినా రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మండుతాయి.

స్కీలు, బూట్లు, పోల్స్ (చేతికర్రలు), హెల్మెట్ అద్దెకు తీసుకోండి, మొదటిసారి ఏదీ కొననక్కర్లేదు. బిగినర్లకు స్కీల పొడవు గడ్డానికీ ముక్కుకీ మధ్య ఉంటే చాలు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ని మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్థాయి చూసి సర్దుతారు. పడినప్పుడు స్కీ ఊడిపోవాలా వద్దా అన్నది ఆ సర్దుబాటే తేలుస్తుంది. పరువు కోసం బరువు తగ్గించి చెప్పకండి, స్థాయి పెంచి చెప్పకండి. పెంచి చెబితే ఊడాల్సిన స్కీ ఊడదు, మెలిక మోకాలికి పడుతుంది.

బూట్ల దగ్గర మాత్రం ఎంత సమయమైనా పెట్టండి. స్కీ బూటు కొలత పాదం పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది. ఒకే ఒక్క పలచని పొడవాటి సాక్సు వేసుకోండి. రెండు జతలు వేస్తే వెచ్చదనం రాకపోగా మడతలు పడి పుండ్లు పడతాయి, రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. లోపలి థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి పోకుండా పైకి లాగండి. పాదం లోపలికి దూర్చాక మడమను నేలకేసి రెండు సార్లు కొట్టి వెనక్కి సర్దుకుని, కింది నుంచి పైకి బకిల్స్ పెట్టండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందుభాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్లు వంచి ముందుకు వాలితే వేళ్లు వెనక్కి జరగాలి, పిక్క ముందు ఎముక బూటు నాలుకకు బాగా ఆనాలి, మడమ లేవకూడదు. బిగుతుగా ఉండటం సహజమే. ఒక్కచోట పొడిచినట్టు నొప్పి ఉంటే మాత్రం సహజం కాదు. పది నిమిషాలు అలాగే నడిచి, నొప్పి ఉంటే అక్కడికక్కడే మార్చమనండి. బృందం బయట ఎదురుచూస్తోందని సర్దుకుపోయి వచ్చేస్తే మర్నాటికల్లా నడవలేరు.

అడుగు 7: మొదటి రోజు

స్నేహితుడి చేత నేర్చుకోకండి, స్నేహితుడికి నేర్పకండి. బాగా వచ్చినవాడికి తను ఎలా తిరుగుతున్నాడో మాటల్లో చెప్పడం రాదు, ఎప్పుడో ఒంటబట్టేసిన విద్య అది. నేర్చుకునేవాళ్లకు అడిగిందే మళ్లీ అడగడానికి మొహమాటం. ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఆ రెండూ ఉండవు. కనీసం మొదటి రెండు రోజులు పొద్దున కొత్తవాళ్లంతా క్లాసులో, మిగిలినవాళ్లు వాళ్లకు నచ్చిన వాలు మీద. మధ్యాహ్నం భోజనం దగ్గర కలుసుకుంటారు.

క్లాసులో ముందు నేర్పేది స్నోప్లౌ. స్కీల ముందు కొనలు దగ్గరకు, వెనక కొనలు దూరంగా పెట్టి లోపలి అంచులతో మంచును ఒరుసుకుంటూ వేగం తగ్గించడం. కుడి స్కీ మీద బరువు వేస్తే ఎడమకు, ఎడమ స్కీ మీద వేస్తే కుడికి తిరుగుతారు. భయం వేస్తే ఒళ్లు దానంతటదే వెనక్కి వాలుతుంది, అలా వాలితే స్కీలు ముందుకు దూసుకుపోయి అదుపు తప్పుతాయి. పిక్క ముందు ఎముకను బూటు నాలుకకు ఆనించి ముందుకే ఉండాలి. పడక తప్పదనిపిస్తే పక్కకు, కొండ వైపుకు పడండి. లేచేటప్పుడు స్కీలు శరీరానికి కింది వైపున, వాలుకు అడ్డంగా ఉండేలా తిప్పుకుంటే జారకుండా లేవగలరు.

చెయిర్‌లిఫ్ట్ అంటే చాలామందికి వాలు కంటే భయం. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీ రిసార్ట్ కోసం తొలి చెయిర్‌లిఫ్ట్‌ని రూపొందించింది జేమ్స్ కర్రన్ అనే రైల్వే ఇంజినీరు. ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే కొక్కేల వరుస చూసి, గెలల బదులు మనుషుల్ని కూర్చోబెడితే సరిపోతుందనుకున్నాడట. కూర్చోవడం నిజంగానే కష్టం కాదు. పోల్స్ పట్టీలు మణికట్టు నుంచి తీసేసి రెండూ ఒక చేతిలో పట్టుకోండి, గీత దాకా వచ్చి భుజం మీదుగా వెనక్కి చూడండి, కుర్చీ తగలగానే కూర్చుని అడ్డపట్టీ దించండి. దిగేటప్పుడు స్కీ కొనలు పైకెత్తి, నేల తగిలాక లేచి, తిన్నగా ముందుకు జారిపోండి. అక్కడ పడితే సిగ్గుపడకుండా పక్కకు పాకండి, ఆపరేటర్ లిఫ్ట్ ఆపుతాడు. ఒకే కుర్చీలో ఇద్దరు కొత్తవాళ్లను కూర్చోబెట్టకండి, పక్కన అలవాటున్నవాళ్లు ఉండాలి.

అడుగు 8: కలిసి దిగడం

మధ్యాహ్నం అందరూ కలిసి దిగేటప్పుడు దారి ఎంచాల్సింది అందరికంటే నెమ్మదిగా వచ్చేవాళ్లకు తగ్గట్టు. ముందు ఒకరు, చివర ఒకరు బాగా వచ్చినవాళ్లు ఉండాలి. ఆగేటప్పుడు రన్ అంచున, పైనుంచి వచ్చేవాళ్లకు కనబడే చోట ఆగండి. మలుపు వెనకా, ఎత్తు దిగగానే వచ్చే చాటునా వద్దు. వెనక వచ్చేవాళ్లు నిలబడి ఉన్నవాళ్లకు కింది వైపుకు వచ్చి ఆగాలి, అప్పుడు ఆగలేకపోయినా ఎవరి మీదా పడరు.

ఒక అలవాటు దాదాపు ప్రతి బృందంలోనూ కనబడుతుంది. ముందు వెళ్లినవాళ్లు ఆగి ఎదురుచూస్తారు, చివరివాళ్లు రొప్పుతూ వచ్చీ రాగానే "పదండి" అని బయల్దేరతారు. విశ్రాంతి దొరికేది అది అక్కర్లేనివాళ్లకే, కావాల్సినవాళ్లకు ఒక్క నిమిషం కూడా ఉండదు. చివరగా వచ్చినవాళ్లు ఊపిరి పీల్చుకుని, నీళ్లు తాగి, "సరే" అన్నాకే కదలాలని మొదటి రోజే నియమం పెట్టుకోండి.

ఎవరో ఒకరు వాలు మధ్యలో బిగుసుకుపోవడం కూడా జరుగుతుంది. మోకాళ్లు గట్టిపడి, చూపు లోయలో పడి, ఒక్క అంగుళం కదలలేరు. కింద నిలబడి "ఏం కాదు, వచ్చెయ్" అని అరవకండి. పైకి ఎక్కి వాళ్లకు కొంచెం కిందగా, స్కీలు అడ్డంగా పెట్టి నిలబడండి, లోయ కనబడకుండా మీరే అడ్డమవుతారు. ముందు ఊపిరి నెమ్మదించనివ్వండి. తర్వాత కిందికి కాకుండా వాలుకు అడ్డంగా, అవతలి అంచున ఉన్న గుర్తు కర్ర వైపు చూడమనండి. అక్కడిదాకా అడ్డంగా జారి, ఆగి, తిరిగి, మళ్లీ ఈ అంచుకు. అదీ వీలు కాకపోతే స్కీలు విప్పి చేత్తో పట్టుకుని రన్ అంచు వెంబడి నడిచి దిగొచ్చు. లేదా స్కీ పెట్రోల్‌కి, అంటే రిసార్ట్ సహాయక బృందానికి, ఫోన్ చేయండి, అది వాళ్ల పనే. ఆ రాత్రి భోజనాల దగ్గర దీన్ని జోకుగా మార్చకండి. నవ్విన బృందంలో మర్నాడు భయాన్ని ఎవరూ బయటపెట్టరు.

అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య (ఎఫ్ఐఎస్) పెట్టిన 10 నియమాలు అందరికీ చదివి వినిపించండి. వాటిలో మూల సూత్రం ఒకటే: ముందున్నవాళ్లది దారి హక్కు, తప్పించుకుని వెళ్లాల్సింది వెనకవాళ్లు. కదిలే ముందూ రన్‌లోకి కలిసే ముందూ పైకీ కిందికీ చూడాలి.

విడిపోతే కలిసే చోటు పొద్దునే చెప్పుకోండి, ఏదైనా లిఫ్ట్ అడుగు భాగమైతే మంచిది. పైన అనుకుంటే గాలిలో నిలబడి గడ్డకట్టిపోతారు. చలికి ఫోన్ బ్యాటరీ చప్పున పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి.

అడుగు 9: కొండ పెట్టే షరతులు

మబ్బు కమ్మి వెలుగు చదునుగా మారితే గుంత ఏదో దిబ్బ ఏదో తెలియదు. అప్పుడు చెట్ల మధ్య రన్‌లకు మారండి, తెల్లని మంచులో చెట్లు కంటికి ఆనవాలుగా ఉండి ఎత్తుపల్లాలు పోల్చుకోనిస్తాయి. గాలిలో స్నేహితుల ముఖాలు మీరే చూస్తుండాలి, తమ ముక్కు మీదో చెంప మీదో తెల్లని మచ్చ వచ్చిన సంగతి వాళ్లకు తెలియదు. వెచ్చని అరచేయి ఆనించి లోపలికి తీసుకెళ్లండి, రుద్దకండి.

ఆఫ్‌పిస్ట్, అంటే రిసార్ట్ గుర్తులు పెట్టి కాపాడే వాలుల బయట, వేరే లోకం. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. మనుషులు చిక్కుకున్న సందర్భాల్లో ఎక్కువసార్లు చరియను కదిలించింది వాళ్లే, లేదా వాళ్ల బృందంలోని వాళ్లే. యూరప్‌లో ప్రమాద స్థాయిని 1 నుంచి 5 దాకా ప్రకటిస్తారు. 3 అంటే మధ్యలో ఉంది కాబట్టి ఫర్వాలేదని కాదు, ఒక్క మనిషి బరువుకే చరియ విరగొచ్చని. పూడిపోయినవాళ్లను మొదటి 10 నిమిషాల్లో బయటకు తీస్తే పదిలో తొమ్మిది మంది బతుకుతారు, అరగంట దాటితే మూడో వంతు మందికి అటూ ఇటూగా మిగులుతారు. అంత తొందరగా తీయగలిగేది పక్కనున్న స్నేహితులే. కాబట్టి ప్రతి ఒక్కరి దగ్గరా ట్రాన్సీవర్ (పూడినవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండి, వాటితో సాధన చేసి, స్థానిక గైడ్ తోడుంటే తప్ప వెళ్లకండి. రన్ హద్దుకు కట్టిన రిబ్బన్ కింద నుంచి దూరి "ఒక్క రౌండ్" అన్న స్నేహితుడి వెంట వెళ్లనని చెప్పడం తప్పు కాదు.

అడుగు 10: ఎవరికైనా దెబ్బ తగిలితే

పడినవాళ్లకు కొంచెం పైన రెండు స్కీలు ఎక్స్ ఆకారంలో నిలబెట్టండి, పైనుంచి వచ్చేవాళ్లకు అది గుర్తు. ఒకరు పక్కనే ఉండాలి, ఇంకొకరు స్కీ పెట్రోల్‌కి ఫోన్ చేయాలి. ఆ నంబరు లిఫ్ట్ పాస్ మీదో మ్యాప్ మీదో ఉంటుంది, పొద్దునే ఫోన్‌లో పెట్టుకోండి. యూరప్‌లో 112 ఎక్కడైనా పనిచేస్తుంది. రన్ పేరు, అంచున ఉన్న కర్ర మీది సంఖ్య చెప్పండి. బూటు విప్పకండి, హెల్మెట్ తీయకండి, మీ జాకెట్లు కప్పి వెచ్చగా ఉంచండి. తలకు దెబ్బ తగిలి మాట తడబడినా, వాంతి అయినా, ఏం జరిగిందో గుర్తు లేకపోయినా, తర్వాత బాగున్నానని ఎంత చెప్పినా ఆ రోజుకు ఆట బంద్, డాక్టరుకు చూపించాల్సిందే. ఫోన్ అందని చోట ఈలతోనో టార్చితోనో నిమిషానికి ఆరుసార్లు సంకేతం ఇవ్వండి, నిమిషం ఆగి మళ్లీ ఇవ్వండి. నిమిషానికి మూడుసార్లు తిరిగి వినిపిస్తే మీ సంకేతం అందినట్టు.

అడుగు 11: చివరి రోజు

"ఇంకొక్కసారి" అనే మాటకు ఆ రోజు ఎదురుండదు. సాయంత్రానికి కాళ్లు అలసి ఉంటాయి, నీడ పడిన వాలు గట్టిపడుతుంది, జనమంతా ఒకేసారి కిందికి వస్తారు. లిఫ్టులు మూసే సమయానికి గంట ముందే కొత్తవాళ్లను గొండోలాలో దించేయండి. ఇంకా ఓపికున్నవాళ్లు ఇద్దరిద్దరుగా తమ ఆఖరి రౌండు వేసుకోవచ్చు, ఒంటరిగా కాదు.

అద్దె సామాను మూసే వేళ బారులో కాకుండా కాస్త ముందే తిరిగివ్వండి. బూట్ల సంఖ్యలు రసీదుతో సరిపోల్చండి, బృందంలో జతలు తారుమారు కావడం మామూలే. లిఫ్ట్ పాస్ కార్డుకు డిపాజిట్ ఉంటే వెనక్కి తీసుకోండి. సొంత గ్లవ్స్, లోపలి పొరలు తడిగా సంచిలో కుక్కకుండా ఆరబెట్టండి. ఖర్చుల లెక్క ఆ రాత్రే, అందరూ ఒక గదిలో ఉండగానే తేల్చేయండి.